ఆర్టిస్ట్ గ్రేడ్ నీటిరంగులు: ట్యూబు మీది కోడ్ చదవడం, ఆరు రంగులు ఎంచుకోవడం

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. మీరు తిరుపతిలో ఉంటూ స్టూడెంట్ గ్రేడ్ పెట్టెతో కొంతకాలంగా నీటిరంగులు వేస్తున్నారు. చిత్తూరులో బంధువులకు వేసి ఇచ్చిన తామరపూల చిత్రంలో గులాబీరంగు ఏడాది తిరగకముందే వెలిసిపోయింది. ఇప్పుడు కాస్త ఖర్చయినా సరే ఇరవై నాలుగు రంగుల ఆర్టిస్ట్ గ్రేడ్ పెట్టె కొనాలనుకుంటున్నారు. ఏ కంపెనీది మంచిది, ఖరీదైన రంగు వెలిసిపోదని నమ్మవచ్చా, కాడ్మియం రంగులు ప్రమాదమా, ట్యూబులు కొనాలా, ఎండిన రంగు నింపిన చిన్న డబ్బీలైన పాన్లు కొనాలా అన్నవి మీ సందేహాలు.

క్లుప్తమైన జవాబు ఇది. పెట్టె కొనవద్దు. ఆ డబ్బులో కొంత భాగంతో ఆరు ట్యూబులు విడిగా కొనండి. వాటిని రంగు పేరును బట్టి గాక, ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో అచ్చయి ఉండే పిగ్మెంట్ కోడ్‌ను, అంటే రంగునిచ్చే పదార్థపు గుర్తును బట్టి ఎంచుకోండి. ఖరీదుకూ మన్నికకూ ఉన్న సంబంధం మీరు అనుకున్నంత గట్టిది కాదు. చాలా ఖరీదైన ఆర్టిస్ట్ శ్రేణుల్లో సైతం ఎండకు నిలవని రంగులు నేటికీ అమ్ముడవుతున్నాయి, చవక పెట్టెల్లో తరతరాలు నిలిచే రంగులూ ఉన్నాయి. ఎందుకిలా ఉంటుందో తెలిస్తే మీ మిగతా సందేహాలు చాలావరకు వాటంతటవే తీరిపోతాయి కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీటిరంగు అంటే మెత్తగా నూరిన పిగ్మెంట్ పొడి, దాన్ని కాగితానికి అంటించే జిగురు, ఆ జిగురు ఎండి పెళుసెక్కకుండా కాపాడే గ్లిజరిన్ లేదా తేనె. జిగురు సాధారణంగా గమ్ అరబిక్. సూడాన్ మొదలైన ఆఫ్రికా దేశాల్లో పెరిగే ఒక తుమ్మజాతి చెట్టు నుంచి అది కారుతుంది. ఆర్టిస్ట్ గ్రేడ్‌లో పిగ్మెంట్ పాలు ఎక్కువ. స్టూడెంట్ గ్రేడ్‌లో ఆ పాలు తగ్గించి, తెల్లని పూరక పదార్థాలు కలిపి, ఖరీదైన పిగ్మెంట్ల స్థానంలో చవకవి వాడతారు. అందుకే స్టూడెంట్ రంగు ఎంత చిక్కగా కలిపినా ఆరాక సుద్దపూత పడినట్టు కనిపిస్తుంది. ఆర్టిస్ట్ రంగు కుంచె మొనకు అంటినంత తీసుకున్నా, నీటితో పలుచగా పరిచే వాష్ అంతటా నిండుగా పరుచుకుంటుంది. అయితే ఇక్కడ ఒక విషయం మరచిపోకూడదు. అల్ట్రామెరీన్ నీలం, యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా వంటివి తయారీలోనే చవక కావడం వల్ల, స్టూడెంట్ పెట్టెల్లో కూడా తరచుగా అసలు పిగ్మెంటే ఉంటుంది, కాకపోతే పలుచగా ఉంటుంది. మీ చిత్రంలో గులాబీ పోయినా నీటి నీలమూ గట్టు మట్టిరంగూ నిలిచే ఉంటాయని నా ఊహ. అదే నిజమైతే మీ చిత్రాన్ని పాడుచేసింది స్టూడెంట్ గ్రేడ్ అనే తరగతి కాదు, ఆ ఒక్క గులాబీలో ఉన్న ఒక్క పదార్థం.

ఆ పదార్థం ఏమిటో చెప్పేది కోడ్. ప్రపంచమంతటా రంగుల పరిశ్రమ కలర్ ఇండెక్స్ అనే ఒక పట్టికను అనుసరిస్తుంది. అందులో ప్రతి పిగ్మెంట్‌కూ అక్షరాలతో, అంకెతో ఒక గుర్తు ఉంటుంది. మొదటి అక్షరం పీ అంటే పిగ్మెంట్; తర్వాతిది వర్ణం: బీ అయితే నీలం, ఆర్ అయితే ఎరుపు, వై అయితే పసుపు, జీ అయితే ఆకుపచ్చ, వీ అయితే ఊదా, ఓ అయితే నారింజ, బీఆర్ అయితే గోధుమ. అల్ట్రామెరీన్ పీబీ 29, థాలో నీలం పీబీ 15, కాడ్మియం ఎరుపు పీఆర్ 108. కంపెనీ ఏదైనా, ట్యూబు మీద ఎంత కవితాత్మకమైన పేరు రాసినా, ఈ గుర్తు మారదు. శాప్ గ్రీన్, హుకర్స్ గ్రీన్, పేన్స్ గ్రే, ఇండిగో వంటి పేర్లు కేవలం పేర్లు; వాటిలో ఏమేమి కలపాలన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. ఇండిగో ట్యూబులో నేడు సాధారణంగా ఉండేది ఒకప్పుడు కడప సీమలో పండించిన నీలిమొక్క సారం కాదు, ఏదో ఒక నీలమూ నలుపూ కలిపిన మిశ్రమం. పేరు చివర హ్యూ అని ఉంటే, ఆ పేరు గల పిగ్మెంట్ అందులో లేదని, దాని ఛాయకు దగ్గరగా వేరొకదానితో తయారుచేశారని అర్థం. ఇందులో మోసమేమీ లేదు, చెప్పే అమ్ముతున్నారు. కొనేవారు చదవాలి, అంతే.

కోడ్‌లో ఒకే పిగ్మెంట్ ఉన్న ట్యూబులకే ప్రాధాన్యం ఇవ్వండి. మూడు పిగ్మెంట్లు కలిపిన ఆకుపచ్చకు మీరు మరో మూడింటితో చేసిన గోధుమరంగును చేర్చితే కాగితం మీద ఆరు రకాల రేణువులు చేరతాయి, ఫలితం బూడిదరంగు బురద. ఒక్కో పిగ్మెంట్‌తో పనిచేసేవారికి ఏది ఎలా ప్రవర్తిస్తుందో కొద్ది నెలల్లోనే చేతికి తెలిసిపోతుంది. పైగా మిశ్రమంలో ఒకటి వెలిసిపోయేదై, రెండోది నిలిచేదైతే చిత్రం మొత్తం రంగు మారిపోతుంది. వెలిసిపోవడం కంటే అది ఇంకా వికారంగా ఉంటుంది.

కోడ్ అంతా చెప్పదని కూడా తెలుసుకోండి. పీఆర్ 101 అనేది ఐరన్ ఆక్సైడ్. రేణువు సైజును బట్టి అది నారింజ ఎరుపు నుంచి ఊదా ఛాయ గల ఎరుపు దాకా ఉంటుంది. పీవీ 19 ఒక స్ఫటిక రూపంలో గులాబీ, మరో రూపంలో ఊదా. పీబీఆర్ 7 కింద రా సియెన్నా, బర్న్‌ట్ సియెన్నా, అంబర్ అన్నీ వస్తాయి. కోడ్ పదార్థాన్ని చెబుతుంది, ఛాయను మీరు కంటితో చూసుకోవాలి.

ఇక గులాబీ సంగతి. మీ పెట్టెలోని ఆ రంగు కోడ్ మీరు పంపలేదు కాబట్టి అది ఫలానాదని చెప్పలేను. అయితే ఏడాదిలోపు మాయమయ్యే గులాబీలు సాధారణంగా అద్దకపు రంగుతో చేసినవే అయి ఉంటాయి. అద్దకపు రంగు నీటిలో కరుగుతుంది. పిగ్మెంట్ కరగదు, రేణువులుగా నీటిలో తేలుతూ ఉండి, నీరు ఆరాక కాగితం పోగుల మధ్య నిలుస్తుంది. అద్దకపు రంగును ఏదైనా లోహలవణంతో పట్టి కరగని పొడిగా మార్చితే దాన్ని లేక్ పిగ్మెంట్ అంటారు. ఈ పని మన జిల్లావారికి కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళతో గీసి, తర్వాత చిరివేరో మంజిష్ఠో వేసిన నీటిలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది, మిగిలినచోట నిలవదు. చిరివేరులోని ముఖ్యమైన ఎరుపు పేరు అలిజరిన్. పటికలోని అల్యూమినియం దాన్ని పట్టి ఉంచుతుంది. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్మన్ అనే రసాయనవేత్తలు ఆ అలిజరిన్‌ను తారు నుంచి దొరికే పదార్థంతో కృత్రిమంగా తయారుచేశారు. దానిని అదే విధంగా అల్యూమినియంతో పట్టించి చేసినదే నీటిరంగుల పెట్టెల్లో నేటికీ కనిపించే అలిజరిన్ క్రిమ్సన్, పీఆర్ 83. కలంకారీ వస్త్రం మీద ఆ ఎరుపు పోగు లోపలి దాకా దట్టంగా దిగి ఉంటుంది, బట్ట కూడా ఎక్కువ కాలం మడతల్లోనో పెట్టెలోనో ఉంటుంది. నీటిరంగులో మనం దాన్ని తెల్లకాగితం మీద పలుచని పొరగా పరిచి, రోజంతా వెలుగు పడే గోడకు తగిలిస్తాం. అందువల్ల పీఆర్ 83 నీటిరంగుగా వెలుగుకు బాగా నిలిచే శ్రేణిలో లేదు, ముఖ్యంగా పలుచని వాష్‌లలో. అనేకమంది గొప్ప చిత్రకారులు దాన్ని వాడారన్నది నిజమే, అది మీరు వాడడానికి కారణం కాకూడదు.

ఒపేరా అనే పేరుతో పలు కంపెనీలు అమ్మే మెరిసే గులాబీది మరో కథ. అందులో పీఆర్ 122 అనే గట్టి పిగ్మెంట్ ఉంటుంది, దానితోపాటు మెరుపు కోసం ఫ్లోరసెంట్ అద్దకపు రంగు ఉంటుంది. మెరుపు త్వరగా పోతుంది, కింద మామూలు మెజెంటా మిగులుతుంది. బంతిపూల పక్కన తామరను వెలిగించాలనుకునే ఎవరికైనా ఆ రంగు మీద మనసుపోతుంది. అచ్చువేయడానికి వేసే బొమ్మలకు అభ్యంతరం లేదు, గోడకు వెళ్ళే చిత్రానికి వద్దు.

వెలుగు రంగును ఎందుకు పోగొడుతుందో ఒక్కమాటలో: రంగునిచ్చే అణువులోని బంధాలు వెలుగు శక్తికి తెగిపోతాయి, తెగిన ముక్కలకు రంగు ఉండదు. పసుపు మరక పడిన తెల్లబట్టను ఉతికి ఎండలో ఆరవేస్తే మరక దానంతటదే పోవడం ఇళ్ళలో చూసేదే. ఐరన్ ఆక్సైడ్ వంటి ఖనిజాల్లో అటువంటి సున్నితమైన అణువు లేదు. అది ఇప్పటికే తుప్పు, అంతకంటే తుప్పు పట్టేదేమీ లేదు. 1888లో బ్రిటన్‌లో రసెల్, అబ్నీ అనే శాస్త్రవేత్తలు నీటిరంగుల మీద వెలుగు ప్రభావం గురించి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. వెలుగుతోపాటు గాలి, తేమ కూడా ఉన్నప్పుడే చాలా రంగులు పాడవుతున్నాయని, గాలి తీసేసిన గాజుగొట్టంలో వాటిలో చాలావరకు తట్టుకున్నాయని అందులో తేలింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ తర్వాత నిప్పులు చెరిగే వేసవి గల మన ఊరికి ఈ సంగతి బాగా వర్తిస్తుంది.

ఈ మన్నికను కొలవడానికి అమెరికాలోని ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఒకటి నుంచి అయిదు దాకా రోమన్ అంకెల్లో శ్రేణులు పెట్టింది. ఒకటి ఉత్తమం, రెండు చాలా మంచిది, మూడు నుంచి జాగ్రత్త. విన్సర్ అండ్ న్యూటన్ తన సొంత పద్ధతిలో ఏఏ, ఏ, బీ, సీ అని రాస్తుంది. ష్మింకే నక్షత్రాలు వేస్తుంది, అయిదు నక్షత్రాలు అన్నిటికంటే మేలు. అమ్మే చిత్రానికి మొదటి రెండు శ్రేణులు దాటి వెళ్ళకూడదని నా నియమం. కంపెనీ మాటను నమ్మడానికి ఇష్టపడకపోతే మీరే పరీక్షించుకోవచ్చు. ఒక కాటన్ కాగితం మీద మీ రంగులన్నీ చిక్కటి చోటు నుంచి పలుచటి చోటుకు వచ్చేలా పట్టీలుగా వేసి, కాగితాన్ని రెండుగా కోసి, ఒక సగాన్ని పుస్తకంలో దాచి, మరో సగాన్ని కిటికీ అద్దం లోపల అంటించండి. దక్షిణపు కిటికీలో పెట్టమని విదేశాల్లో రాసిన సలహా ఇక్కడ ఎండాకాలంలో పనికిరాదు. మన అక్షాంశంలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు, కాబట్టి దక్షిణపు కిటికీలో ఎండ సరిగా పడదు. తూర్పు లేదా పడమటి కిటికీ వాడండి. బలహీనమైన రంగులు కొన్ని వారాల్లోనే బయటపడతాయి, గట్టివాటిలో ఒక వేసవి గడిచినా తేడా కనిపించదు.

ఇప్పుడు ఆ ఆరు రంగులు. మీరు ఎక్కువగా శేషాచలం కొండలు, కోనేరులు, మామిడితోటలు వేస్తారని రాశారు కాబట్టి వాటినే దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

మొదటిది అల్ట్రామెరీన్, పీబీ 29. ఒకప్పుడు దాన్ని అఫ్గానిస్థాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి వచ్చే లాజవర్ద రాయిని నూరి తీసేవారు, అది బంగారంతో సమానమైన ధర పలికేది. కృత్రిమంగా తయారుచేసినవారికి బహుమతి ఇస్తామని 1824లో ఫ్రాన్స్‌లోని ఒక సంఘం ప్రకటించగా, 1828లో గీమే అనే రసాయనవేత్తకు ఆ బహుమతి దక్కింది. ఆ తర్వాత అది ఎంత చవకయిందంటే బట్టల నీలిమందు పొడికి కూడా అదే వాడారు. అందుకే దీన్ని ఏ మంచి కంపెనీ నుంచైనా తక్కువ ధర శ్రేణిలోనే కొనవచ్చు. వెలుగుకు బాగా నిలుస్తుంది, పుల్లని పదార్థాలకు మాత్రం నిలవదు. కాగితం గుంటల్లో రేణువులుగా చేరుకునే గుణం దీనికి ఉంది, దాన్నే గ్రాన్యులేషన్ అంటారు. దూరపు కొండ నీడలో ఆ గరుకుదనం మీకు ఉచితంగా దొరికే అందం.

రెండోది బర్న్‌ట్ సియెన్నా, పీబీఆర్ 7 లేదా పీఆర్ 101. తిరుపతి చిత్రకారుడికి ఒక్కటే రంగు ఇస్తానంటే నేను దీన్నే అడుగుతాను. అలిపిరి వైపు నుంచి చూస్తే సాయంత్రపు ఎండలో ఎర్రబడి కనిపించే కొండ అంచులు క్వార్ట్‌జైట్ రాతివి. ఘాట్‌రోడ్డు పక్కన ఆ రాతిపొర గ్రానైట్ మీద కూర్చున్న చోటును భూగర్భశాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగా దానికి గుర్తింపు ఉంది. ఆ రాతికి ఎరుపు ఇచ్చేదీ, గుడి గోడల మీద సున్నం పట్టెల పక్కన వేసే కావికి ఎరుపు ఇచ్చేదీ, ఈ ట్యూబులో ఉన్నదీ ఐరన్ ఆక్సైడే. పచ్చి ఓకర్ మట్టిలో నీటి అణువులు కలిసి ఉండడం వల్ల అది పసుపుగా ఉంటుంది. కాల్చితే ఆ నీరు పోయి ఎర్రబడుతుంది. దీన్ని అల్ట్రామెరీన్‌తో కలిపితే వచ్చే బూడిదరంగులకు లెక్కలేదు: నీలం ఎక్కువైతే మబ్బు, సియెన్నా ఎక్కువైతే తడిసిన బండ, రెండూ సమంగా చిక్కగా ఉంటే నలుపు. నల్లరంగు ట్యూబు కొనే అవసరమే రాదు. పీఆర్ 101తో చేసినవి ఎక్కువ పారదర్శకంగా, నారింజ ఛాయతో ఉంటాయి. పీబీఆర్ 7తో చేసినవి కాస్త మట్టిగా, గరుకుగా ఉంటాయి. చంద్రగిరి కోట గోడలు వేసేటప్పుడు నాకు రెండోదే నచ్చుతుంది.

మూడోది మీ తామరకు కావలసినది: పీవీ 19, గులాబీ రూపం. కంపెనీని బట్టి పర్మనెంట్ రోజ్ అనో క్వినాక్రిడోన్ రోజ్ అనో పేరుంటుంది. క్వినాక్రిడోన్ పిగ్మెంట్లను 1958లో డ్యూపాంట్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. కార్ల రంగులకు వాడదగినంత గట్టివి అవి. చిత్రకారులు పిగ్మెంట్ కంపెనీలకు చాలా చిన్న ఖాతాదారులని ఇక్కడ గమనించాలి. క్వినాక్రిడోన్ గోల్డ్ అని అందరూ ప్రేమించిన పీఓ 49, కార్ల పరిశ్రమలో గిరాకీ తగ్గడంతో తయారీయే ఆగిపోయింది. నేడు ఆ పేరుతో వచ్చేవి ఇతర పిగ్మెంట్ల మిశ్రమాలు. అలిజరిన్ క్రిమ్సన్ లోతు కావాలంటే పీవీ 19కి కొద్దిగా బర్న్‌ట్ సియెన్నా చేర్చండి, తామర రేకు మొదట్లోని ముదురు అలాగే వస్తుంది. బంధువులకు మరో చిత్రం వేసి ఇవ్వదలచుకుంటే దీనితోనే వేయండి, కిటికీకి ఎదురు గోడ మీద మాత్రం తగిలించవద్దని చెప్పండి.

నాలుగోది థాలో నీలం, ఆకుపచ్చ ఛాయ గల పీబీ 15:3. 1928లో స్కాట్లండ్‌లోని ఒక రంగుల కర్మాగారంలో ఎనామెల్ పగిలిన పాత్రలో లోపలి ఇనుము తగిలి అనుకోకుండా ఏర్పడిన నీలిపదార్థం నుంచి ఈ కుటుంబం పుట్టింది. తర్వాత ఇనుము స్థానంలో రాగి చేరింది. ఇది చాలా బలమైన రంగు, అతి కొద్దిగా తీసుకోవాలి. కాగితంలోకి ఇంకి మరక కట్టేస్తుంది, తడికుంచెతో తుడిచినా పూర్తిగా లేవదు. కోనేటి నీటి పచ్చదనానికీ, చెట్ల ఆకుపచ్చకూ ఇదే ఆధారం.

అయిదోది పసుపు, పీవై 154. అరటి ఆకు లేతపచ్చ, బంతిపూలు, వరిచేను అన్నీ దీనితో మొదలవుతాయి. థాలో నీలంతో కలిపితే కృత్రిమంగా కనిపించేంత పచ్చని పచ్చ వస్తుంది. అందులో రవ్వంత బర్న్‌ట్ సియెన్నా వేస్తే ముదురు మామిడాకు, ఇంకాస్త వేస్తే వేసవిలో దుమ్ము పట్టిన చింతాకు. ట్యూబు ఆకుపచ్చలు కొనేవారి చిత్రాల్లో చెట్లన్నీ ఒకే చెట్టులా కనిపించడానికి ఈ చిన్న సర్దుబాటు చేయకపోవడమే కారణం.

ఆరోది కుంకుమ ఎరుపు, పీఆర్ 254, పైరాల్ ఎరుపు. ఇది కాడ్మియం ఎరుపుకు దీటైన ప్రకాశం గలది, కార్లకూ వాడేదే. దీన్ని తక్కువగా వాడతారు కనుక అయిదు మిల్లీలీటర్ల ట్యూబు చాలు.

చేతిలో డబ్బు మిగిలితే ఏడోదిగా యెల్లో ఓకర్, పీవై 42 లేదా 43. ఆనంద నిలయం బంగారు విమానాన్ని వేయడానికి చాలామంది బంగారు లోహపు రంగు కొంటారు. దాని మీద వెలుగు పడే కోణం మారినప్పుడల్లా అది నల్లగానో బూడిదగానో కనబడుతుంది. బంగారం బంగారంగా కనిపించేది మెరుపు పక్కనున్న ముదురు వల్ల. మెరుపు చోట కాగితాన్ని తెల్లగా వదిలి, మధ్యలో ఓకర్, నీడలో బర్న్‌ట్ సియెన్నా, అంచున దానికి ఆనుకుని ఊదా కలిసిన నీలం పెట్టి చూడండి.

మామిడి జిల్లావాళ్ళం కాబట్టి ఇండియన్ యెల్లో గురించి ఒక మాట. బీహార్‌లోని ముంగేర్ దగ్గరి మీర్జాపూర్ అనే ఊళ్ళో మామిడాకులు మాత్రమే మేపిన ఆవుల మూత్రాన్ని కాచి ఆ రంగు తీస్తున్నారని టి.ఎన్. ముఖర్జీ అనే ప్రభుత్వ అధికారి 1883లో లండన్‌కు ఒక లేఖ రాశారు. అది కట్టుకథ అని చాలామంది అనుమానించారు. ఇటీవలి రసాయన పరిశీలనలు ముఖర్జీ మాటకే దగ్గరగా వచ్చాయి. నేడు ఆ పేరుతో ఉన్న ట్యూబుల్లో ఉండేవి వేరే పిగ్మెంట్లు, కోడ్ చూసి కొనండి. అలాగే మద్రాసులో పుట్టి అక్కడి ఐఐటీలో చదివిన మాస్ సుబ్రమణియన్ బృందం 2009లో అమెరికాలోని ఓరెగాన్‌లో కనుగొన్న యిన్‌మిన్ నీలం అనే కొత్త పిగ్మెంట్ గురించి మీరు విని ఉంటారు. శాస్త్రంగా అది గొప్ప విషయం. ధర చూస్తే మాత్రం, పీబీ 29 ఉన్నవారికి దాని అవసరం ఇంకా కనిపించడం లేదు.

కంపెనీల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. విన్సర్ అండ్ న్యూటన్ ప్రొఫెషనల్, డేనియల్ స్మిత్, ష్మింకే హొరాడం, సెనెలియే, హోల్బైన్, ఎం. గ్రాహం, వీటిలో ఏదైనా సరే, పై కోడ్‌లు దొరికితే చాలు. ఒక్కో రంగు ఒక్కో కంపెనీది అయినా కలపడానికి ఇబ్బంది లేదు. విన్సర్ అండ్ న్యూటన్‌లోనే కాట్‌మన్ అన్నది స్టూడెంట్ శ్రేణి, పొరబడవద్దు. మన దేశపు కంపెనీల ఆర్టిస్ట్ శ్రేణులను నేను తోసిపుచ్చను. ట్యూబు మీద కోడ్, మన్నిక శ్రేణి రెండూ అచ్చువేసి ఉంటే అవీ అదే కొలతకు నిలబడతాయి. కోడ్ లేని ట్యూబును ఎవరిదైనా సరే కొనవద్దు. తిరుపతి దుకాణాల్లో ఎక్కువగా బడిపిల్లల రంగులే ఉంటాయి. చెన్నై వెళ్ళినప్పుడు ఛాయ కంటితో చూసి ఎంచుకుని, తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలు. ధరలో సిరీస్ అనే అంకె కనిపిస్తుంది. అది నాణ్యత కొలత కాదు, పిగ్మెంట్ ఖర్చు: మట్టిరంగులు, అల్ట్రామెరీన్ సాధారణంగా కింది సిరీస్‌లలో, కోబాల్ట్, కాడ్మియం పై సిరీస్‌లలో ఉంటాయి.

కాడ్మియం గురించిన భయంలో సగం నిజముంది. ట్యూబులోని తడిరంగును కుంచెతో వేస్తే చర్మం గుండా వచ్చే ప్రమాదం చాలా తక్కువ. పొడిగా నూరి పీల్చడం, స్ప్రే చేయడం, కుంచె మొనను నోట పెట్టి కూర్చుకోవడం, రంగు చేతులతో అన్నం తినడం ప్రమాదాలు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని రాశారు. పీఆర్ 254, పీవై 154 మీ దగ్గర ఉన్నప్పుడు కాడ్మియం లేకపోయినా మీ చిత్రానికి ఏ లోటూ రాదు. కోబాల్ట్ రంగులకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. రంగు కడిగిన నీళ్ళను పెరట్లో కూరమొక్కలకు పోయవద్దు.

చివరగా ట్యూబులు, పాన్లు. ట్యూబులు కొని ఖాళీ పాన్లలో నింపుకోవడమే లాభం. హాఫ్ పాన్ అనే చిన్న సైజు పాన్‌లో సుమారు రెండు మిల్లీలీటర్లు పడుతుంది కనుక అయిదు మిల్లీలీటర్ల ట్యూబు రెండుసార్లకు పైగా వస్తుంది. ఒకేసారి నిండా పిండితే పైపొర ఎండి లోపల పచ్చిగా ఉండి, మే నెల వేడికి పగిలి ముక్కలై పాన్ నుంచి ఊడిపడుతుంది. సగం నింపి, పుల్లతో అంచులకు తాకేలా కలిపి, నీడలో ఆరనిచ్చి, తర్వాత మిగతా సగం నింపండి. అప్పటికీ పగిలే రంగులకు ఒక చుక్క గ్లిజరిన్ చేర్చండి. సెనెలియే, ఎం. గ్రాహం రంగుల్లో తేనె ఉంటుంది. మన వేసవిలో అవి హాయిగా మెత్తగా ఉంటాయి, నవంబరు వానల్లో మాత్రం ఆరక జిగటగా ఉండి, పెట్టె నిలువుగా పెడితే పక్క పాన్‌లోకి జారుతాయి. వానాకాలంలో పని ముగించాక పెట్టెను వెంటనే మూసేయకుండా ఒక రాత్రి తెరిచి ఉంచితే బూజు పట్టదు.